తులం తూగే రూపాయి: పాత నాణేనికి భౌతికశాస్త్రం పెట్టే పరీక్షలు

తెలుగు ఇళ్లలో చాలాచోట్ల బీరువా అరలోనో, పూజగదిలో పసుపు డబ్బాలోనో ఒకటీ అరా వెండి రూపాయి ఉంటుంది. బొమ్మ వైపు విక్టోరియా రాణో, జార్జి చక్రవర్తో. బొరుసు వైపు లతల మధ్య విలువ, సంవత్సరం. దీపావళికి లక్ష్మీదేవి ముందు పెడతారు, పూజ కాగానే మళ్లీ గుడ్డలో చుట్టేస్తారు. దాని విలువ ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ తెలియకపోవడం మీదే ఒక పెద్ద వ్యాపారం నడుస్తోంది.

"మీ దగ్గర ఈ నాణెం ఉందా? లక్షలు మీవే" అనే ప్రకటన ఫోనులో కనిపిస్తుంది. ఫోటో పంపితే అవతలివాళ్లు ఆహా అంటారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమీషన్ అంటూ కొంచెం కొంచెంగా డబ్బు లాగుతారు. ఇలాంటి మోసాల్లో రిజర్వ్ బ్యాంకు పేరునూ, చిహ్నాన్నీ వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, వాటిపై ఎలాంటి చార్జీలూ కమీషన్లూ తీసుకోనని స్పష్టం చేసింది. ఇక కొనేవాళ్ల వైపు మోసం ఇంకో రకం: వెండి ధర, అరుదైన నాణెం ధర పెట్టి ఇంటికి తెచ్చుకున్నది పోతపోసిన ఇత్తడి బిళ్ల అవుతుంది.

నాణెం అసలుదో కాదో తేల్చే పరీక్షల్లో చాలావరకు హైస్కూలు భౌతికశాస్త్రమే. అయితే ఒక మెలిక ఉంది. ప్రతి పరీక్షా "ఇది అసలుది కాదు" అని గట్టిగా చెప్పగలదు. "ఇది అసలుదే" అని ఏ ఒక్కటీ చెప్పలేదు. పరీక్ష ఎలా చేయాలన్నది ఎంత ముఖ్యమో, అది ఏ ప్రశ్నకు జవాబిస్తోందన్నదీ అంతే ముఖ్యం.

తూకంతో మొదలు

ఈస్టిండియా కంపెనీ 1835లో విలియం రాజు బొమ్మతో, తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే ప్రమాణంలో వెండి రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం, మిగిలింది రాగి. నగల దుకాణాల్లో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములని లెక్కవేస్తున్నారు గానీ, పాత లెక్కలో తులం అంటే సరిగ్గా ఈ రూపాయి బరువే. పల్లెల్లో మందులు, దినుసులు తూచడానికి రూపాయి బిళ్లనే తూకపు రాయిగా వాడింది అందుకే. 1939 దాకా, అంటే వందేళ్లకు పైగా, ఈ ప్రమాణం మారలేదు.

కాబట్టి మొదటి పరీక్ష 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం. బాగా చేతులు మారి అరిగిన రూపాయి కొంత తగ్గవచ్చు. అరుగుదల ఏమీ కనిపించకుండా నిగనిగలాడుతూ 10.9 గ్రాములే తూగితే మాత్రం అనుమానించాల్సిందే. బరువు పెరిగితే అనుమానం ఇంకా ఎక్కువ. నాణెం వాడుకలో అరుగుతుంది గానీ బరువెక్కదు.

నకిలీ చేసేవాడికీ ఈ అంకె తెలుసు. ఇత్తడితోనో, రాగి–నికెల్ మిశ్రమంతోనో 11.66 గ్రాముల బిళ్ల చేయడం కష్టం కాదు. ఇక్కడే ఆర్కిమిడీస్ అవసరపడతాడు.

గ్లాసుడు నీళ్లు, ఒక దారం

తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు తూకం ఎంత చూపిస్తే నాణెం అన్ని గ్రాముల నీటిని పక్కకు నెట్టిందన్నమాట. ఘన సెంటీమీటరు నీరు దాదాపు ఒక గ్రాము కాబట్టి ఆ అంకే నాణెం ఘనపరిమాణం. గాలిలో తూచిన బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

91.7 శాతం వెండి ఉన్న రూపాయికి సాంద్రత సుమారు 10.3 రావాలి. అంటే నీళ్లలో ముంచినప్పుడు తూకం 1.13 గ్రాముల దగ్గర ఆగాలి. అదే బరువున్న ఇత్తడి బిళ్ల అయితే 1.37 దాకా పోతుంది. ఈ తేడాను పట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఇంకో సంగతీ ఉంది. వెండి రూపాయి వ్యాసంతో, వెండి రూపాయి బరువుతో ఇత్తడి బిళ్ల చేయాలంటే దాన్ని ఐదో వంతు మందంగా చేయాలి. అసలు నాణెం పక్కన పెట్టి చూస్తే ఆ మందం కంటికే కనిపిస్తుంది.

కొలతలో రెండు జాగ్రత్తలు. నాణేనికి అంటుకున్న గాలి బుడగలు ఘనపరిమాణాన్ని పెంచి చూపుతాయి, వాటిని మెల్లగా వదిలించాలి. మన వేసవిలో 30 డిగ్రీల నీటి సాంద్రత ఒకటి కన్నా అర శాతం లోపు తక్కువ, దాన్ని పట్టించుకోకపోయినా నష్టం లేదు. అసలు చిక్కు తూకంతోనే. 1.13 గ్రాములు కొలిచేటప్పుడు 0.01 గ్రాము తప్పు అంటే దాదాపు ఒక శాతం. జవాబు 10.2 కావచ్చు, 10.4 కావచ్చు.

ఈ ఒక్క శాతం ఎక్కడ ఇబ్బంది పెడుతుందో హైదరాబాద్ రూపాయి చూపిస్తుంది. నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా బరువు 11.18 గ్రాములు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వచ్చిన చార్మినార్ బొమ్మ రూపాయిలో వెండి 81.8 శాతం. లెక్కవేస్తే సాంద్రత 10.17 వస్తుంది. బ్రిటిష్ రూపాయితో తేడా రెండు శాతం లోపే. వంటింటి తూకంతో ఈ రెండు లోహాలనూ విడదీశానని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. ఇత్తడిని బయటపెట్టగల పరీక్ష, వెండిలో పది శాతం కల్తీ దగ్గర తడబడుతుంది. పదిసార్లు కొలిచి సగటు తీస్తే కొంత మెరుగు.

పైగా సీసం వెండికన్నా బరువైనది, తగరం తేలికైనది. రెండూ కలిపి వెండి సాంద్రతను అనుకరించవచ్చు. అలాంటి దాన్ని పట్టించేది చప్పుడు. పెద్దవాళ్లు రూపాయిని బండమీద వేసి చెవి ఒగ్గి వినేవారు. వెండి–రాగి మిశ్రమం గట్టిగా, సాగే గుణంతో ఉంటుంది కాబట్టి ఖణేల్మని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. సీసం కంపనాలను తనలోనే మింగేస్తుంది, టప్పుమని ఊరుకుంటుంది. మోత స్థాయిని నాణెం వ్యాసం, మందం, సాంద్రత, స్థితిస్థాపకత కలిసి నిర్ణయిస్తాయి. లోపల పగులున్న అసలు నాణెం కూడా బోలుగా మోగవచ్చు. మంచి స్థితిలో ఉన్న నాణేన్ని మాత్రం బండకేసి కొట్టకూడదు. వేలికొన మీద నిలిపి చెక్కపుల్లతో మెల్లగా తడితే చాలు.

అయస్కాంతం చెప్పేదీ, చెప్పనిదీ

వెండి అయస్కాంతానికి అంటదు. అంటుకుంటే నకిలీ అని చాలామంది తీర్మానిస్తారు. వెండి రూపాయి విషయంలో ఇది సరైనదే. అయితే నడుస్తున్న పులి బొమ్మతో వచ్చిన 1947 రూపాయి నికెల్‌తో చేసింది. గది ఉష్ణోగ్రత దగ్గర ఇనుములాగే నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటే ఆ సంవత్సరపు రూపాయి అంటుకోకపోతేనే అనుమానించాలి. నాణెం ఏదో గుర్తించకుండా పరీక్ష చేస్తే అసలుదాన్ని పారేసి నకిలీని దాచుకోవచ్చు.

ఇంతకన్నా అందమైన ప్రయోగం ఇంకొకటి ఉంది. నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని, దాని మీద చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని జారనివ్వాలి. వెండి మీద అది తేనెలో జారినట్టు నెమ్మదిగా దిగుతుంది. కదిలే అయస్కాంతం లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాల అయస్కాంత క్షేత్రం దాన్ని వెనక్కి లాగుతుంది. లోహం విద్యుత్తును ఎంత బాగా ప్రసరింపజేస్తే జారడం అంత మెల్లగా ఉంటుంది. లోహాల్లో వెండిది మొదటి స్థానం, రాగి దాని వెనకే. ఇత్తడి మీద వేగం తెలిసిపోతుంది, రాగి–నికెల్ మీద అయస్కాంతం ఆగకుండా జారిపోతుంది. రాగి బిళ్లకు వెండి పూత పూస్తే మాత్రం ఈ పరీక్ష మోసపోతుంది. దానికి నీళ్ల గ్లాసు ఉండనే ఉంది: రాగి సాంద్రత 8.96.

అయస్కాంతం పేరు ఎత్తాక 'రైస్ పుల్లింగ్' గురించి చెప్పకుండా ముందుకు పోలేం. బియ్యపు గింజలను తనవైపు లాక్కునే పాత రాగి నాణెం, లేదా చెంబు, ఉందని, అందులో ఇరిడియం ఉందని, విదేశీ సంస్థలు కోట్లు పెట్టి కొంటాయని నమ్మించే ముఠాలను తెలుగు రాష్ట్రాల పోలీసులు పలుమార్లు అరెస్టు చేశారు. బాధితుల్లో చదువుకున్నవాళ్లూ ఉంటారు. బియ్యంలో ఉండేది ప్రధానంగా పిండిపదార్థం, కొంత నీరు. ఈ రెండింటినీ అయస్కాంతం ఆకర్షించదు సరికదా, కొలవడానికే కష్టమైనంత స్వల్పంగా దూరం నెడుతుంది. రాగిదీ అదే స్వభావం. ఇరిడియం నిజంగానే అరుదైన, ఖరీదైన లోహం, సాంద్రత 22కు పైనే. అయినా బియ్యాన్ని పిలిచే శక్తి దానికి లేదు. ప్రదర్శనలో గింజలు కదిలాయంటే వాటికి ఇనుప రజను పట్టించారనో, నాణెం వెనక అయస్కాంతం దాచారనో అర్థం. పక్క దుకాణంలో కొన్న బియ్యంతో చేయమంటే ప్రదర్శన ఆగిపోతుంది.

యంత్రం చూసేది పైపొరనే

నగల దుకాణాల్లో క్యారెట్ మీటర్ అని పిలిచే యంత్రం ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పద్ధతిలో పనిచేస్తుంది. ఎక్స్-కిరణాలు తగిలిన పరమాణువులు తమతమ సొంత శక్తితో తిరిగి కిరణాలను వెలువరిస్తాయి. ఏ శక్తి దగ్గర ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఏ లోహం ఎంత ఉందో తెలుస్తుంది. నాణేనికి గీత కూడా పడదు, నిమిషంలో పని అవుతుంది.

ఆ తిరిగొచ్చే కిరణాలు లోహంలో మైక్రోమీటర్లు, మహా అయితే కొన్ని పదుల మైక్రోమీటర్ల లోతు నుంచే బయటపడగలవు. రూపాయి మందంలో అది వందో వంతు కూడా ఉండకపోవచ్చు. మందమైన పూత ఉంటే యంత్రం పూతనే చదివి "వెండి" అంటుంది. అసలు నాణేల్లోనూ తిరకాసు ఉంది. రాగి ఎక్కువ కలిపిన పాత వెండి నాణేల్లో పైపొరలోని రాగి ముద్రణ సమయంలో ఆమ్లంతో కడగడం వల్లో, తర్వాత మట్టిలో ఏళ్ల తరబడి ఉండటం వల్లో కరిగిపోతుంది. పైన వెండి మిగులుతుంది. అలాంటి నాణేన్ని యంత్రం ఉన్నదానికన్నా మేలిమిగా చూపిస్తుంది. నాణెం మొత్తం సాంద్రతను చెప్పే నీళ్ల గ్లాసు, పైపొర చెప్పే యంత్రం రెండూ ఒకే మాట చెబితే ధైర్యం పెరుగుతుంది. చెరో మాట చెబితే ఎందుకో కనుక్కోవాలి.

లోహం అసలుదే, నాణెం కాదు

ఈ పరీక్షలన్నిటినీ దాటే నకిలీ ఒకటుంది. ఆరో జార్జి బొమ్మతో వచ్చిన 1939 రూపాయి పాత వెండి ప్రమాణంలో చివరిది. అది బయటికి వచ్చినవి చాలా తక్కువ కాబట్టి సేకర్తలు పెద్ద ధర పెడతారు. అంతకుముందు ఏటిది, 1938 రూపాయి, మామూలుది. బరువు, వెండి, మోత అన్నీ ఒకటే. చివరి అంకెను చెక్కి 8ని 9గా మార్చితే తూకానికి, నీటికి, ఎక్స్-రేకి పట్టుబడే అవకాశమే లేదు. లోహం గురించి అడిగిన ప్రశ్నకు లోహం నిజమే చెప్పింది.

దీనికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, పక్కనుంచి పడే వెలుగు కావాలి. అచ్చు కొట్టినప్పుడు లోహం ఒత్తిడికి పారి అంకెల సందుల్లోకి ఎక్కుతుంది. అంకె మొదలు నేపథ్యంలో సాఫీగా కలుస్తుంది. తర్వాత చెక్కిన అంకె చుట్టూ సన్నని గీతలు, చదును చేసిన మచ్చ, పక్క అంకెలతో ఎత్తులో తేడా కనిపిస్తాయి. పోతపోసిన నకిలీల మీద సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటాయి. ఒకే అచ్చు నుంచి వచ్చిన నకిలీలు అయితే రెండు వేర్వేరు నాణేల మీద ఒకే చోట ఒకే దెబ్బ, ఒకే గీత కనబడుతుంది. వాడుకలో పడిన దెబ్బ రెండు నాణేల మీద ఒకేలా పడదు.

బొమ్మను చదవడం కూడా పరీక్షే. ఐదో జార్జి 1911 రూపాయిలో రాజు వస్త్రం మీద చిన్న ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా ఉందని గొడవ లేచింది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా మార్చింది. కాబట్టి 1911 అని రాసి ఉండి ఏనుగు తొండం పొడవుగా ఉంటే తేదీని ఎవరో మార్చారని అర్థం. హైదరాబాద్ రూపాయిలో చార్మినార్ ద్వారం మధ్యలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలానికి 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్ కాలానికి 'ఐన్', అంటే వాళ్ల పేర్ల తొలి అక్షరాలు. యుద్ధకాలంలో వెండిని సగానికి తగ్గించిన 1940ల బ్రిటిష్ రూపాయిలకు నకిలీలను అడ్డుకోవడానికే అంచు గీతల మధ్య ప్రత్యేకమైన గాడి పెట్టారు. అమ్మేవాళ్లు బొమ్మా బొరుసూ చూపిస్తారు, అంచు మాత్రం అడిగితే తప్ప చూపరు.

అసలు ఎప్పుడూ లేని నాణేల సంగతి వేరు. శ్రీరాముడు, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలతో 'ఈస్టిండియా కంపెనీ', 'యు.కె.ఎల్.', 1616, 1818 అని రాసి ఉన్న బిళ్లలు ఊరూరా తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణేలు ముద్రించలేదు. ఇవి తర్వాతి కాలంలో ఎవరో చేసి అమ్మినవి. భక్తితో దాచుకుంటే తప్పులేదు, లక్షలు పెట్టి కొంటే మాత్రం పోయినట్టే.

పాతది అరుదైనదేమీ కాదు

వయసును బట్టి ధర ఊహించడం సర్వసాధారణమైన పొరపాటు. 1840 అని ఉన్న రూపాయిలను ఆ ఏడాదిలోనే కొట్టలేదు, అదే తేదీతో ఏళ్ల తరబడి కొట్టారు. 1862 తేదీ కూడా అలాగే పదేళ్లకు పైగా కొనసాగింది. ఇవి కోట్లలో వచ్చాయి. ఇలాంటి మామూలు రూపాయికి కనీస విలువ అందులోని వెండే: 11.66 గ్రాముల్లో 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. చార్మినార్ రూపాయిలో 9.14 గ్రాములు, సగం వెండి రూపాయిలో 5.83 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణించి, అడిగిన ధర అంతకన్నా ఎన్ని రెట్లుందో చూస్తే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన 5, 10 రూపాయల నాణేలు వాడుకలోకి వచ్చినవే. వాటికి లక్షలు ఎవరూ ఇవ్వరు. తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకసాలది, చుక్క ఉంటే నోయిడాది, వజ్రపు గుర్తు ఉంటే ముంబైది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. ఏ ఏడాదిలో ఏ టంకసాల తక్కువ కొట్టిందో తెలిసినవారికి ఈ చిన్న గుర్తే ధరను మార్చేస్తుంది. హైదరాబాద్‌లో 1903లో మొదలైన సైఫాబాద్ టంకసాల భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. కంటికి అసలు నాణేలు అలవాటు కావడానికి అలాంటి చోట్లకన్నా మంచి బడి లేదు.

అరుదుతనం తర్వాత ధరను నిర్ణయించేది స్థితి. సేకర్తలు 1 నుంచి 70 దాకా మార్కులు వేస్తారు. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ సెంట్ల కోసం తయారుచేసిన కొలబద్ద ఇది. ఇక్కడే మన ఇళ్లలో ప్రేమతో జరిగే నష్టం ఎక్కువ. నల్లబడిన రూపాయిని చింతపండుతోనో, విభూతితోనో, టూత్‌పేస్టుతోనో తోముతారు. చింతపండు ఆమ్లం పైపొరలో రాగిని కరిగిస్తుంది, పొడి సన్నని గీతలు పెడుతుంది. తోమిన నాణెం అన్ని దిక్కులా ఒకేలా, చచ్చిన తెలుపుతో మెరుస్తుంది. తెలిసినవాడు చేతిలోకి తీసుకోగానే ధర తగ్గిస్తాడు.

ఆ నలుపు గాలిలోని గంధక వాయువులతో వెండి కలిసి ఏర్పడిన వెండి సల్ఫైడు. పొర నానోమీటర్ల మందంలో ఉన్నప్పుడు దాని పై నుంచీ కింద నుంచీ పరావర్తనం చెందిన కాంతి కలిసి రంగులు పుట్టిస్తాయి. సబ్బు బుడగ మీద, తడి రోడ్డుపై నూనె మీద కనిపించేవీ ఇలాంటి రంగులే. మందం పెరిగే కొద్దీ లేత పసుపు, ఎరుపు, నీలం వరసగా వస్తాయి. ఏళ్ల తరబడి సహజంగా ఎక్కిన రంగు ఈ వరసలో మెల్లగా మారుతుంది. గంధకంతో గంటల్లో రంగెక్కిస్తే వరస తప్పడం, రంగులు అతికించినట్టు ఉండటం కనిపిస్తుంది. దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. కాలక్రమంలో వాటి నుంచి వెలువడే ఆమ్లం నాణెం మీద జిగట పచ్చదనాన్ని తెస్తుంది. శాతవాహనుల సీసపు నాణేలకైతే చెక్క పెట్టె కూడా శత్రువే, చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తుంది.

పొలంలో దొరికితే

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాట్లు కనిపిస్తాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన రోమన్ వెండి నాణేల నిధి తెలంగాణకూ ఆ వర్తకానికీ ఉన్న బంధానికి సాక్ష్యం. గాట్లు ఎందుకు పెట్టారన్న దానిపై పండితుల్లో వాదాలున్నాయి. లోపల నిజంగా వెండో బంగారమో ఉందా, పైన పూతేనా అని కోసి చూశారన్నది ఒక వివరణ.

అలాంటి నాణేల మార్కెట్‌కు చట్టం హద్దులు పెట్టింది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి పాత నాణెం కొనేవారు అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి, బిల్లు తీసుకోవాలి. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామని అందులో రాయించుకోవాలి. తూకం, నీళ్ల గ్లాసు తెచ్చుకుంటానంటే అభ్యంతరం చెప్పే దుకాణంలో కొనాల్సిన పనిలేదు.